గాలికి జ్ఞాపకం ఎంతసేపు? (3వ పాఠం: ఇంటిగ్రల్ టైమ్ స్కేల్)

పోయిన పాఠంలో గాలి వేగంలోంచి సగటు తీసేశాం కదా, మిగిలిన ఒడిదుడుకుల కాలమ్ ఎక్సెల్‌లో అలానే ఉంచారనుకుంటా, ఈరోజు పనంతా దాంతోనే.

విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద ముంత మసాలా పొట్లం పట్టుకుని కూర్చోండి. గాలి ఒక్క విసురు విసురుతుంది, కాగితం టపటపా కొట్టుకుంటుంది, కాసేపటికి సద్దుకుంటుంది. ఆ ఊపు ఎన్ని సెకన్లు నిలిచిందన్నదే మనం కట్టాల్సిన లెక్క.

సెకనుకొకటి చొప్పున అరగంటకి 1800 రీడింగులు. అదే కాలమ్‌ని పక్కన ఒక వరస కిందకి జరిపి పేస్ట్ చేసి రెండిటికీ కోరెలేషన్ (రెండు కాలమ్‌లూ ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) కట్టండి, తర్వాత రెండు వరసలు, మూడు వరసలు, అలా సున్నా వచ్చేదాకా. ఉదాహరణకి 1, 0.8, 0.6, 0.4, 0.25, 0.1, 0 వచ్చాయనుకోండి, మొదటి 1ని సగమే తీసుకుని మిగతావన్నీ కలిపితే 2.65 సెకన్లు, అదే టైమ్ స్కేల్. సగటు గాలి సెకనుకి 4 మీటర్లయితే ఆ విసురు తెచ్చిన గాలి సుడి సైజు సుమారు 10.6 మీటర్లు. సుడి మన ముందునుంచి పోయేలోపు పెద్దగా మారదని 1938లో టేలర్ పెట్టిన ఊహ మీద ఈ గుణకారం నడుస్తుంది.

నేను మొదటిసారి ఉదయం పదకొండింటికి కూర్చుని బోల్తా పడ్డా. మధ్యలో సముద్రపు గాలి తిరిగింది, కోరెలేషన్ ఎంతకీ కిందకి దిగదు, టైమ్ స్కేల్ నిమిషాల్లో వచ్చింది, నేనేమో ఏదో కనిపెట్టేశానని మురిసిపోయా! అది టర్బులెన్స్ (గాలి సుడుల అలజడి) కాదండీ, ట్రెండ్ (సగటే మెల్లగా మారిపోవడం). గాలి కుదురుకున్నాక మధ్యాహ్నం తీయండి, లేదా ముందు ట్రెండ్ తీసేయండి.

ఇంకో పెద్ద గడియారం కూడా ఉంది. ఎండకి నేల కాగి లేచిన గాలి, బౌండరీ లేయర్ (నేల ప్రభావం తగిలే కింది గాలి పొర) పైదాకా వెళ్లడానికి పట్టే టైము. డియర్‌డార్ఫ్ స్కేలింగ్ ప్రకారం (అంటే ఎత్తుని పైకెక్కే వేగంతో భాగించడమే) లేయర్ ఎత్తు 1000 మీటర్లు, పైకెక్కే వేగం సెకనుకి 1.5 మీటర్లు అనుకుంటే దగ్గర దగ్గర 11 నిమిషాలు, అందుకే ఐదు నిమిషాల డేటాతో సరిపెట్టుకుంటే కుదరదు. బీచ్ ఒడ్డునైతే చల్లటి గాలి అప్పుడే నేలెక్కింది కాబట్టి కాగిన పొర పల్చగా ఉంటుంది, సింహాచలం వైపు లోపలికి వెళ్లేకొద్దీ మందం పెరుగుతుంది.

హోంవర్క్: ఒకే మధ్యాహ్నం ఇంటి గేటు దగ్గరో అరగంట, మేడమీదో అరగంట తీసి రెండు టైమ్ స్కేళ్లూ కట్టండి. మేడమీద ఎక్కువ రావాలి, రాకపోతే పక్కన వాటర్ ట్యాంకు అడ్డం ఉందేమో చూసుకోండి.