కంటి నుంచి మెదడుకి, 4వ పాఠం: జిక్2 న్యూక్లియస్ దాటి రాదు

పోయినసారి ఇచ్చిన ప్రాక్టీస్‌కి మీ జవాబులన్నీ చదివాను, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదివే బ్యాచ్ పంపినవి కూడా. ఈరోజు సుపీరియర్ కొలిక్యులస్‌లో, అంటే కంటి నుంచి వచ్చే సంకేతాలు అందుకునే మెదడు భాగంలో, రెటీనా మ్యాప్ ఎలా పడుతుందో మొదలుపెడదాం అనుకున్నా గానీ కుదరదు, ఎందుకంటే చాలామంది ఒకటే వాక్యం రాశారు: "ఆప్టిక్ కయాజ్మా దగ్గర జిక్2 ఆక్సాన్‌ని అడ్డుకుని అదే పక్కకి పంపుతుంది." పంపదండీ. కయాజ్మా అంటే రెండు కళ్ల నరాలు కలిసే చోటు, అక్కడ ఆక్సాన్లు అవతలి పక్కకి దాటతాయి, లేదా తమ కంటి పక్కనే ఉండిపోతాయి. అసలు జిక్2 అక్కడ పని చెయ్యదు.

గ్యాంగ్లియన్ సెల్ అంటే రెటీనా నుంచి మెదడుకి కబురు పంపే కణం, ఆక్సాన్ అంటే దాని పొడవాటి తీగ, ఇవి మీకు వచ్చు, వదిలేస్తున్నా.

జిక్2 ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే జీన్లని ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్. దాని చోటు న్యూక్లియస్, న్యూక్లియస్ ఉండేది సెల్ బాడీలో, సెల్ బాడీ ఉండేది రెటీనాలో. కయాజ్మా ఎక్కడో మెదడు అడుగున ఉంది, అంత దూరం పాక్కుంటూ వెళ్లేది ఆక్సాన్ కొస ఒక్కటే. ఆ కొస మీద ఈఫ్-బీ1 అనే రిసెప్టర్ ఉంటుంది. కయాజ్మా మధ్యగీత దగ్గరున్న గ్లియా కణాల (న్యూరాన్లకి ఆసరాగా ఉండేవి) మీద ఎఫ్రిన్-బీ2 అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ రెండూ తగిలితే కొస ముడుచుకుని వెనక్కి తగ్గి, అటు దాటకుండా తన పక్కనే ఉండిపోతుంది. మరి జిక్2 ఏం చేసింది? ఈఫ్-బీ1 జీన్‌ని ఆన్ చేయించింది, అంతే. ఇంట్లో అమ్మ లిస్టు రాసిస్తుంది, మోండా మార్కెట్‌కి వెళ్లి బేరమాడేది మీరు. రెండూ ఒకే పని కాదు.

నేనైతే ఏ పేరు కనిపించినా పక్కన "న్యూ" అనో "కొ" అనో రాసుకుంటా, న్యూక్లియస్ లేదా కొస. జిక్2, దానిలాంటి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఫాక్స్‌జీ1, ఫాక్స్‌డీ1, టీబీఎక్స్5, వ్యాక్స్2 అన్నీ న్యూ. ఈఫ్‌లు కొ. బాణం ఎప్పుడూ న్యూ నుంచి కొ వైపే గీయండి, ఈ ఒక్క అలవాటుతో మీ తప్పులు చాలావరకు పోతాయి.

రుజువులు చూడండి. జిక్2 తగ్గించిన ఎలుకల్లో అదే పక్కకి వెళ్లే ఆక్సాన్లు తగ్గాయి, ఈఫ్-బీ1 లేని ఎలుకల్లో కూడా తగ్గాయి, రెండూ 2003లోనే వచ్చాయి. ఎలుక రెటీనాలో కింది-బయటి అంచున మాత్రమే, అదీ పిండం దశలో కొన్ని రోజులే జిక్2 ఆన్‌లో ఉంటుంది, తర్వాత అదే అంచులో పుట్టే కణాల్లో ఉండదు, వాటి ఆక్సాన్లు అవతలికి దాటేస్తాయి. ఎక్కడ, ఎప్పుడు అన్నవే ఇక్కడ అసలు సంగతి. ఎలుకలో అదే పక్కన ఉండిపోయేవి నూటికి అయిదు కూడా ఉండవు, మనిషిలో నలభై దాటతాయి. కోడిలో అన్నీ దాటేస్తాయి.

నాకు బాగా నచ్చేది కప్ప. తోకకప్పగా ఉన్నప్పుడు కళ్లు రెండు పక్కలా ఉంటాయి, ఆక్సాన్లన్నీ అవతలికే పోతాయి. కప్పగా మారేటప్పుడు కళ్లు పైకీ ముందుకీ జరిగి రెండు కళ్లూ ఒకే దృశ్యాన్ని చూడడం మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే కయాజ్మాలో ఎఫ్రిన్-బీ ఆన్ అవుతుంది, కొన్ని ఆక్సాన్లు అదే పక్కన ఉండిపోతాయి. దీన్ని నడిపేది థైరాయిడ్ హార్మోన్. ఒక్క ప్రాణి జీవితంలోనే రెండు రకాల వైరింగ్!

ప్రాక్టీస్ ఈసారి ఒకటే, కానీ గట్టిది. ఎలుక రెటీనాలో ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఈఫ్-ఏ (ఇదీ ఈఫ్ రిసెప్టరే) పెరుగుతూ పోతుంది. కొలిక్యులస్‌లో ముందు నుంచి వెనక్కి ఎఫ్రిన్-ఏ పెరుగుతుంది. ఈఫ్-ఏ ఎక్కువున్న ఆక్సాన్ ఎఫ్రిన్-ఏని ఎక్కువ తప్పించుకుంటుంది కాబట్టి ముందు భాగంలో ఆగుతుంది. 2000లో ఒక ప్రయోగం చేశారు: ఐఎస్ఎల్2 అనే ప్రోటీన్ ఉన్న కణాల్లో, అంటే రెటీనా అంతా చెల్లాచెదురుగా ఉన్న దాదాపు సగం కణాల్లో, ఈఫ్-ఏ3 అదనంగా పెట్టారు. కొలిక్యులస్‌లో మ్యాప్ ఎలా మారుతుంది? గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీయండి, పక్కపక్కనే ఉన్న ఒక జంట కణాలని పట్టుకుని రెండిటి ఆక్సాన్లూ ఎక్కడ ఆగుతాయో గుర్తు పెట్టండి. నెట్‌లో జవాబు దొరుకుతుంది, ముందు గీయండి, తర్వాత వెతకండి. ప్రతి పేరు పక్కన న్యూ, కొ మర్చిపోవద్దు.