నాటకంలోని మతవిచారణను కోర్టు రికార్డుతో పోల్చి చదవడం ఎలా?

మతద్రోహం కేసులంటే రచయితలకు మహా ఇష్టం. అందులో చట్టమెంత, కల్పనెంత అన్నది తేల్చుకోవడమే పాఠకుడికి చిక్కు. అందుకే రికార్డు మిగిలిన కేసుతో మొదలుపెట్టండి. బెర్నార్డ్ షా నాటకం 'సెయింట్ జోన్' (1923), ఫ్రాన్స్ తరఫున ఇంగ్లీషువాళ్లతో పోరాడిన జోన్ ఆఫ్ ఆర్క్ మీద 1431లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో జరిగిన విచారణ రికార్డు, రెండూ ఇంగ్లీషులో నెట్‌లో దొరుకుతాయి.

1. ముందు నాటకంలో ఆరో రంగం ఒక్కటీ చదవండి. రికార్డు జోలికి పోవద్దు. ఇంక్విజిటర్ (మతద్రోహాన్ని విచారించే చర్చి అధికారి) పెద్ద ప్రసంగం వింటే ఆయనే న్యాయం మాట్లాడుతున్నాడేమో అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

2. రెండింట్లోనూ ఉన్న మాటల కింద గీత గీయండి. "నీకు దేవుడి అనుగ్రహం ఉందా?" అని అడుగుతారు. ఉందంటే అహంకారం, లేదంటే నేరం ఒప్పుకున్నట్టే. లేకపోతే దేవుడు ప్రసాదించాలి, ఉంటే నిలబెట్టాలి అంటుంది జోన్. షా చమత్కారంలా ఉంటుంది గానీ, ఫిబ్రవరి 24 నాటి రికార్డులో ఉన్న జవాబే అది. చదువు రాని పల్లెటూరి పిల్ల చెప్పింది!

3. తేదీలు సరిచూడండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నాటకంలో ఆమె తప్పొప్పుకుని సంతకం పెడుతుంది, యావజ్జీవ ఖైదు అనగానే ఆ కాగితం చింపేస్తుంది, వెంటనే మంటల్లోకి లాక్కుపోతారు. నిజంగా తప్పొప్పుకున్నది మే 24న. అప్పుడు మానేస్తానన్న మగబట్టలు మళ్లీ వేసుకుందని విచారించింది 28న, కాల్చింది 30న. మొదటిసారి తప్పొప్పుకున్నవాళ్లను కాల్చరు. మళ్లీ అదే తప్పు చేశారని తేలితేనే పాలకులకు అప్పగిస్తారు. అందుకే జడ్జీలకు ఆ బట్టలు అంత ముఖ్యమయ్యాయి. షా ఆరు రోజుల్ని నాలుగు నిమిషాలకు కుదించాడు. నాటకం రక్తి కట్టింది, చట్టం మాత్రం కనపడకుండా పోయింది.

4. ఎవరి జైల్లో ఉందో చూడండి. చర్చి కేసు కాబట్టి చర్చి చెరలో, ఆడవాళ్ల కాపలాలో ఉండాలి. ఉంచింది కోటలో, ఇంగ్లీషు సైనికుల కాపలాలో.

5. చివరగా, శిక్ష వేసిందెవరో వెతకండి. చర్చి మరణశిక్ష వేయదు, పాలకులకు అప్పగిస్తుందంతే. రువాన్‌లో పాలకుల తరఫున తీర్పు చదివిన దాఖలా లేదు. షా ఇది వదల్లేదు. విచారణ నడిపిన జడ్జి బిషప్ కోషాన్ ఆపబోతే, పొరపాటు ఇంగ్లీషువాళ్లదే, ఆ లోపం ముందుముందు పనికిరావచ్చు అంటాడు ఇంక్విజిటర్. 1456లో చర్చే ఆ విచారణను కొట్టేసింది.