ఆర్లింగ్టన్‌లో ఆడీ మర్ఫీ సమాధి చూడాలంటే

రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికుడు ఆడీ మర్ఫీ సమాధి వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంది. వాషింగ్టన్ మెట్రో బ్లూ లైన్‌లో ఆర్లింగ్టన్ సెమెటరీ స్టేషన్‌లో దిగండి. టికెట్ లేదు, ఫొటో ఐడీ మాత్రం దగ్గర ఉంచుకోండి. లోపల ఎత్తుపల్లాల్లో చాలా నడవాలి. నేను నాన్నను తీసుకెళ్లినప్పుడు మధ్యలో రెండుసార్లు కూర్చోబెట్టాను.

అందరూ వెళ్లే అజ్ఞాత సైనికుడి సమాధి వైపే వెళ్లండి. అక్కడి మెమోరియల్ యాంఫీథియేటర్‌కు రోడ్డు అవతల 46వ సెక్షన్ ఉంటుంది, మర్ఫీ సమాధి అందులోనే.

వెళ్లేముందు మర్ఫీ గురించి కాస్త చదవండి, లేకపోతే అది మామూలు రాయిలాగే కనిపిస్తుంది. 1945 జనవరి 26న, ఫ్రాన్స్‌లో హోల్ట్స్‌విర్ దగ్గర, తనవాళ్లను అడవిలోకి పంపేసి, మంటలంటుకున్న యుద్ధవాహనం ఎక్కి మెషిన్‌గన్‌తో జర్మన్లను ఆపాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు! తర్వాత హాలీవుడ్‌కు వెళ్లి, 1955లో తన యుద్ధకథలో తనే నటించాడు. నిద్ర మాత్రం పట్టేది కాదు. తలగడ కింద తుపాకీ పెట్టుకునేవాడు. నిద్రమాత్రలకు అలవాటుపడి, మోటెల్ గదిలో తలుపేసుకుని మానేశాడు. కొరియా, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం ఈ బాధ గురించి బయటికి మాట్లాడాడు. నాకు పతకాలకన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

బంగారు అక్షరాల కోసం వెతక్కండి. అమెరికాలో అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చినవాళ్ల రాళ్ల మీద మామూలుగా ఉంటాయి, ఈయన వద్దనుకున్నాడు. పుట్టిన సంవత్సరం 1924 అని ఉంటుంది, అసలుది 1925. వయసు చాలక, ఎక్కువ చూపించి సైన్యంలో చేరాడు.

నాన్న కూడా సైన్యంలో పనిచేసినవారే. వంగి పతకాల పేర్లన్నీ చదివి, "సినిమాల మాటే లేదురా ఇక్కడ" అన్నారు. తర్వాత నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.