ఆర్ట్ స్కూల్ స్నేహాల నుంచి క్వీర్ కథ అల్లడం

ఆర్ట్ స్కూల్ స్నేహాన్ని క్వీర్ కథగా, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తుల వంటివారి కథగా మలచదలచినవారు ముందుగా పట్టుకోవలసింది అక్కడి చూపును. మరోచోట ఒక మనిషిని అరగంటసేపు తదేకంగా చూస్తే తప్పుపడతారు, ఎదుట ఉన్న మనిషిని చూసి గీసే లైఫ్ డ్రాయింగ్ తరగతిలో అదే చదువు. తోటి విద్యార్థి మెడ వంపును బొగ్గుతో గీస్తూ, చెరుపుతూ, మళ్లీ తలెత్తి చూస్తున్న పాత్రకు తాను నేర్చుకుంటున్నది గీతనో, ఇష్టపడటమో వెంటనే తెలియనక్కర్లేదు. ఆ సందిగ్ధాన్ని వీలైనంతసేపు నిలపండి.

కాబట్టి మనసు విప్పే సన్నివేశంతో కాక, పనితో మొదలుపెట్టండి. కాన్వాస్ బిగించేటప్పుడు ఒకరు గుడ్డ లాగి పట్టుకుంటే మరొకరు మేకులు కొడతారు. అందరి ముందు బొమ్మను విమర్శించే క్లాసులో, అందులో దాగినదేమిటో గ్రహించిన స్నేహితురాలు దాని జోలికి పోకుండా నీడల గురించే మాట్లాడితే, పేజీడు ప్రేమ సంభాషణ అవసరం తీరిపోతుంది.

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1959లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాక, తనకు నిజంగా ఆసక్తి ఉన్న విషయాలనే గీయమని చెప్పినవాడు సహవిద్యార్థి ఆర్.బి. కిటాయ్. పురుషుల మధ్య లైంగిక సంబంధం ఇంగ్లండులో 1967 దాకా నేరమే అయినా, హాక్నీ విద్యార్థిగా ఉండగానే ఆ ప్రేమను చిత్రించాడు. పేర్ల స్థానంలో అక్షరాల వరుస సంఖ్యలు వేస్తూ, తన పొడి అక్షరాలైన డి, హెచ్‌లను 4, 8గా రాశాడు. మీ పాత్రలకూ అలాంటి సంకేతభాషను ఇవ్వండి, అయితే అది వారి పనిముట్లలోంచి, రంగుల పేర్లలోంచి పుట్టాలి. అర్థం విప్పి చెప్పకండి; రెండు మూడుసార్లు కనబడేసరికి పాఠకులే గ్రహిస్తారు.

స్నేహాన్ని ప్రేమకు మెట్టుగా మాత్రమే వాడటం నాకు రుచించదు. బొమ్మ మూలన ఒకరు కొత్త పేరుతో సంతకం చేస్తే, మర్నాటి నుంచి మిత్రులంతా ఏ ప్రశ్నా వేయకుండా ఆ పేరుతోనే పిలవడం దానంతటదే ఒక పూర్తి కథ.

నిజజీవితంలోని మిత్రుల నుంచి పాత్రలను తీసుకుంటే పేరు మార్చినంత మాత్రాన చాలదు. ఆర్ట్ స్కూల్‌లో మనుషులను వారి గీతను బట్టే గుర్తుపడతారు, పైగా ఆ మిత్రులు తమ సంగతి ఇంట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. అందుచేత చిత్రకారుణ్ణి శిల్పిగా మార్చండి, ఇద్దరి అలవాట్లను ఒకరిలో కలపండి, ప్రచురణకు ముందే వారికి చదివి వినిపించండి. వద్దన్న భాగాన్ని, అది మీ కథలో ఎంత బాగా కుదిరినా, తీసేయండి.