పవర్ బీఐ సొంతంగా నేర్చుకుందాం – 6వ పాఠం: రిపోర్టులోంచి ఎక్సెల్‌లోకి

పవర్ బీఐ అంటే లెక్కలను గ్రాఫులుగా, టేబుళ్లుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. పోయిన పాఠంలో మన ఎరువుల డీలర్ రిపోర్టును సర్వీస్‌లోకి, అంటే పవర్ బీఐ వెబ్‌సైటులోకి, పబ్లిష్ చేశాం. తెనాలి, బాపట్ల, నరసరావుపేట బ్రాంచీలు, నెలవారీ అమ్మకాలు, పక్కన ఒక స్లైసర్, అంటే కావలసిన బ్రాంచిని ఎంచుకునే ఫిల్టర్ పెట్టె. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయినా మర్నాడు అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోన్ రానే వస్తుంది: "గ్రాఫులు తర్వాత చూస్తాం సార్, ముందు ఆ ఎక్సెల్ పంపండి." ఎన్ని రంగులు పూసినా ఈ మాట తప్పదు కాబట్టి ఈ పాఠం మొత్తం దానికే.

ముందు చేసి చూడండి. బ్రాంచీల టేబుల్ మీదికి మౌస్ తీసుకెళ్తే కుడివైపు పైన మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటిని నొక్కి ఎక్స్‌పోర్ట్ డేటా ఎంచుకోండి. మూడు దారులు వస్తాయి. డేటా విత్ కరెంట్ లేఅవుట్ అంటే టేబుల్ తెరమీద ఎలా ఉందో దాదాపు అలాగే. సమ్మరైజ్డ్ డేటా అంటే ఆ విజువల్‌లో (గ్రాఫు గానీ టేబుల్ గానీ) కూడికలు వేసి చూపించిన లెక్క. అండర్‌లైయింగ్ డేటా అంటే ఆ కూడికల వెనకున్న ఒక్కొక్క బిల్లు వరస. స్లైసర్‌లో తెనాలి ఎంచుకుని ఉంటే ఫైల్లోకీ తెనాలే వస్తుంది. "మా బ్రాంచి లెక్క లేదేంటి?" అని ఎవరైనా అడిగితే ముందు ఆ స్లైసర్ చూడండి. పది సార్లలో తొమ్మిది సార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

మూడోదాని విషయంలో కాస్త జాగ్రత్త. టేబుల్‌లో మీరు పెట్టని కాలమ్‌లు కూడా, అంటే రైతు ఫోన్ నంబరు లాంటివి, అండర్‌లైయింగ్ డేటాతో బయటికి వచ్చే వీలుంది. అందుకే పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో (మన కంప్యూటర్లో రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం) ఫైల్ → ఆప్షన్స్ అండ్ సెట్టింగ్స్ → ఆప్షన్స్ → కరెంట్ ఫైల్ కింద రిపోర్ట్ సెట్టింగ్స్ తెరవండి. ఎక్స్‌పోర్ట్ డేటా దగ్గర సమ్మరైజ్డ్ మాత్రమే ఇవ్వాలా, రెండూ ఇవ్వాలా, అసలేమీ ఇవ్వొద్దా అని అడుగుతుంది. నేనైతే సమ్మరైజ్డ్ దగ్గరే ఆపుతాను. బిల్లుల వరస నిజంగా కావాలన్న వాళ్లకు కావలసిన కాలమ్‌లతో ఇంకో టేబుల్ కట్టి ఇస్తాను. ఈ సెట్టింగ్ సరిగ్గా ఉన్నా మెనూలో ఎక్స్‌పోర్ట్ కనిపించకపోతే మీ ఆఫీసు అడ్మిన్‌ను అడగండి. అడ్మిన్ పోర్టల్‌లో ఎక్సెల్‌కు, సీఎస్‌వీకి (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) విడివిడిగా తాళాలుంటాయి.

ఇక పరిమితులు. సీఎస్‌వీ అయితే 30,000 వరసలు, ఎక్సెల్ ఫైలైతే 1,50,000. డెస్క్‌టాప్ నుంచి సీఎస్‌వీ మాత్రమే వస్తుంది, ఎక్సెల్ కావాలంటే సర్వీస్‌లోంచి తీసుకోవాలి. కొత్తలో నేను ఈ తేడా పట్టించుకోకుండా ఒక ఏడాది బిల్లులన్నీ డెస్క్‌టాప్ నుంచే తీసి పంపేశాను. మొత్తం కలవలేదని సాయంత్రం దాకా ఒకటే టెన్షన్. ఫార్ములా తప్పా, జీఎస్టీ తప్పా అని తల బద్దలు కొట్టుకున్నాక కిందికి స్క్రోల్ చేస్తే వరసలు సరిగ్గా 30,000 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. అంత గుండ్రటి అంకె అసలు వ్యాపారంలో ఎక్కడ తగులుతుంది?

నాది చిన్న పొరపాటు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ కేసులు 15,841 లెక్కలోకి రాకుండా పోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన డేటాను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ పాత రకంలో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. ఇప్పటి షీటులో 10,48,576 పడతాయి గానీ పవర్ బీఐ మనల్ని అంతదాకా పోనివ్వదు. అందుకే పంపే ముందు రెండు అంకెలు సరిచూడండి: రిపోర్టులో కార్డు (ఒకే అంకెను పెద్దగా చూపే పెట్టె) మీదున్న బిల్లుల సంఖ్య, ఫైల్లో వరసల సంఖ్య.

ఇప్పుడు అసలు చిక్కు. ఫైలు సరిగ్గా వచ్చినా తెరిచేటప్పుడు పాడవుతుంది. సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఈ వరస చూడండి:

00417,03-04-2025,1234567890123456

డీలర్ కోడ్, తేదీ, 16 అంకెల కార్డు నంబరు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అదే ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవండి. కోడ్ 417 అయిపోతుంది. కార్డు నంబరులో చివరి 6 పోయి సున్నా వస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్ రీజియన్ అమెరికాది అయి ఉంటే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. కింది వరసలో 25-04-2025 ఉంటే 25వ నెల లేదు కదా, అది తేదీగా మారకుండా ఎడమవైపు ఒదిగి ఉండిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకి జరిగి కనిపిస్తే జరిగింది ఇదే. ఈ స్థితిలో కంట్రోల్ ఎస్ నొక్కారంటే పోయిన సున్నాలు ఇక తిరిగి రావు.

కొత్త ఎక్సెల్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అని ఒకటుంది. అక్కడ టిక్కులు తీసేస్తే సున్నాలు నిలుస్తాయి. కానీ అది మీ కంప్యూటర్ వరకే, ఫైలు తెరిచేది అవతలి వాళ్లు.

కాబట్టి డబుల్ క్లిక్ మానేయండి. ఖాళీ షీటులో డేటా ట్యాబ్ → ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనీకోడ్ ఎంచుకోండి. తెలుగు ఊరి పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించే గొడవ దీంతోనే పోతుంది. డేటా టైప్ డిటెక్షన్‌లో డు నాట్ డిటెక్ట్ పెట్టి, ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కండి. శీర్షికలు మొదటి వరసలో ఇరుక్కుంటే యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్ నొక్కండి. అది రకాలను మళ్లీ ఊహించి చేంజ్‌డ్ టైప్ అనే మెట్టు కలిపితే దాన్ని తీసేయండి. తర్వాత తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ టైప్ → యూజింగ్ లొకేల్‌లో (తేదీని ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పేది) ఇంగ్లిష్ (ఇండియా) ఇవ్వండి. కోడ్, కార్డు కాలమ్‌లు టెక్స్ట్‌గానే ఉంచండి.

ఇంటిపని: పైన ఇచ్చిన వరసను నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి, కింద మీ ఊరి పేరు తెలుగులో కలిపి, సీఎస్‌వీగా సేవ్ చేయండి. రెండు పద్ధతుల్లోనూ తెరిచి, ఏ కాలమ్ ఎలా మారిందో కాగితం మీద రాసుకోండి. 7వ పాఠంలో ఈ ఫైలు ప్రతి సోమవారం దానంతటదే మెయిల్‌కు వచ్చేలా పెడదాం, అప్పుడు ఆ కాగితం దగ్గరుండాలి.