6/8 లయను ముందు చప్పట్లతో నేర్పండి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు కీబోర్డు, పాశ్చాత్య స్వరలిపి నేర్పే ఉపాధ్యాయులు 6/8 టైమ్ సిగ్నేచర్‌ను (పాటలో ఒక్కో భాగానికి ఎన్ని దెబ్బలో, ఏ నిడివివో చెప్పే గుర్తును) బోర్డు మీద వివరించే ముందు, పిల్లలను గుండ్రంగా నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తే చాలా మేలు జరుగుతుంది. వరంగల్ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు వేయడం చిన్ననాటి నుంచే అలవాటు కాబట్టి, చప్పట ప్రతి అక్షరానికీ పడదనీ, కొన్ని అక్షరాల గుంపుకు ఒక్కసారే పడుతుందనీ వాళ్లకు వేరుగా చెప్పనక్కర లేదు.

అలా నిలబడినప్పుడే ‘తకిట తకిట’ అనిపిస్తూ, ‘త’ దగ్గర మాత్రమే చప్పట, అడుగు పడేలా చూడండి. ఒక్కో అక్షరం ఒక క్వేవర్ (క్రాచెట్ అనే స్వరంలో సగం నిడివి గలది) కాబట్టి ఆరు క్వేవర్లు మూడేసి చొప్పున రెండు గుంపులవుతాయి. ఒక్కో గుంపు చుక్క పెట్టిన (అంటే సగం నిడివి పెరిగిన) ఒక క్రాచెట్‌కు సమానం. వెంటనే, వేగం మార్చకుండా, అవే ఆరింటిని ‘తక తక తక’ అనిపిస్తే మూడు చప్పట్లు పడి 3/4 అవుతుంది. ఈ రెండింటినీ మార్చి మార్చి చేయించడమే అసలు పని. దీనికి పీరియడ్‌లో ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదని నా నమ్మకం.

ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు లెక్కపెట్టించడం మాత్రం మొదట్లో వద్దు, ఎందుకంటే పిల్లలు ఆరింటినీ ఒకే బలంతో పలికేసి రెండు దెబ్బల ఊపును పోగొట్టుకుంటారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవారు తరగతిలో ఉంటే, ఇది తిస్ర గతిలో (ఒక్కో దెబ్బకు మూడు అక్షరాలు పడే నడకలో) రెండు దెబ్బల వంటిదేనని చెబితే చాలు. 9/8కు మూడు తకిటలు, 12/8కు నాలుగు.