పాత ఓమ్నీకి మరో ఇంజన్ వేయాలంటే

సాలూరు ఘాటు ఎక్కలేక నీలిపొగ వదులుతున్న ఓమ్నీకి ఇంజన్ మార్చాలనుకుంటే, ఉన్న ఇంజన్ ఎందుకు పోయిందో ముందు తేల్చుకోండి. చాలా బండ్లకు ఇంజన్ మార్పు అవసరమే ఉండదు.

ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పండి. ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ తీసి, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండయితే ఇంజెక్టర్ల కనెక్షన్లు కూడా తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) గేజుతో చూడండి. మూడింటి మధ్య తేడా 10 శాతం దాటకూడదు. తక్కువున్న దానిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య సీలు) పోయింది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే గాస్కెట్‌నే ముందుగా అనుమానించాలి.

రింగులు, బోరు అరిగితే మా సలహా ఒకటే: ఉన్న బ్లాకునే బోరు చేయించండి, అంటే అరిగిన లోపలి గోడను కాస్త పెద్దది చేయించండి. 796 సీసీ ఇంజన్ అసలు బోరు 68.5 మిల్లీమీటర్లు. 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు ముందే కొని లేత్ వాళ్ల చేతికివ్వాలి, వాటిని కొలిచాకే బోరు కొట్టాలి. పిస్టన్ చూడకుండా కొడితే గ్యాప్ తప్పి, వేడికి పిస్టన్ పట్టేస్తుంది. ఇంజన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది కాబట్టి ఆర్సీ ముట్టుకోనక్కర్లేదు.

బ్లాకు పగిలినా, కనెక్టింగ్ రాడ్ విరిగి బయటికి పొడుచుకొచ్చినా వేరే ఇంజన్ తప్పదు. అప్పుడు ఓమ్నీదే వెతకండి. మారుతి 800దీ 796 సీసీయే అయినా అందులో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది, ఓమ్నీలో నిలువుగా ఉండి వెనక చక్రాలు తిప్పుతుంది. అందుకే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), మౌంటింగులు, మేనిఫోల్డ్ కలవవు. ఆల్టోదైతే 12 వాల్వుల హెడ్డు, అది అసలు వేరు. కార్బురేటర్ బండికి కార్బురేటర్‌దే, ఎంపీఎఫ్ఐకి ఎంపీఎఫ్ఐదే తీసుకోవాలి. సెన్సర్ల దగ్గర మొదలైన అవస్థ వైరింగ్ దాకా పాకుతుంది. గ్యాస్ మీద తిరిగిన ఇంజన్ అయితే వాల్వు సీట్లు అరిగాయేమో హెడ్డు విప్పించి చూడాలి.

గాజువాక ఆటోనగర్‌లో కొన్నా, మన ఊరి తుక్కు షాపులో కొన్నా సంపు విప్పకుండా డబ్బు కట్టకండి. అడుగున మెరిసే పొడి కనిపిస్తే బేరింగులు పోయాయి. ఆయిల్ మూత లోపల పాలకాఫీ రంగు జిగురుంటే నీళ్లు కలిశాయి. క్రాంకు పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి రెండు చుట్లు తిప్పితే ఎక్కడా పట్టకూడదు. మనది తుఫాన్ల తీరం, నాగావళి, వంశధార పొంగితే బండ్లు మునుగుతాయి. టైమింగ్ కవర్ లోపల, సెల్ఫ్ మోటారులో ఒండ్రు, తుప్పు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. నంబరు మీద గ్రైండింగ్ గీతలున్నదీ అంతే. షాపు వాళ్లు బిల్లు మీద ఇంజన్ నంబరు రాసివ్వాలి.

ఇంజన్ మార్పుకు రవాణా శాఖ కార్యాలయంలో ముందే అనుమతి తీసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా మార్చినా 14 రోజుల్లోపు తెలిపి ఆర్సీలో రాయించుకోవాలి. ఇన్సూరెన్స్‌లోనూ కొత్త నంబరు ఎక్కించాలి, లేదంటే క్లెయిమ్‌కి చిక్కు.

బిగించే ముందే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, వెనక క్రాంకు ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కొత్తవి వేయండి. సీలు తర్వాత మార్చాలంటే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి, ఆ కూలి సీలు ఖరీదుకి ఎన్నో రెట్లు. రేడియేటర్ సర్వీసు మాత్రం మరవద్దు. బోరునీళ్లు పోసి పోసి సున్నం కట్టిన రేడియేటరే చాలా ఇంజన్లను తినేస్తుంది. కొత్తగా వేసిన ఇంజన్నీ వదలదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ మాత్రమే పోయండి.

బోరు చేయించిన ఇంజన్‌కి మొదటి 500 కిలోమీటర్లలో ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. 1000 దాటేదాకా నిండు లోడుతో ఘాటు ఎక్కించకండి.